మాత్తెయో రిచ్చి – పరభాషలో చిన్నమాటల సాధన

పరభాషను నేర్చుకొనువారు మొదట పెద్దమాటలకు జంకుదురు. కొంతకాలము గడచిన పిమ్మట తమ్ము నిజముగా బాధించునవి చిన్నమాటలని తెలిసికొందురు. పర్వతము, సముద్రము, న్యాయము, స్నేహము మొదలగు మాటలకు నిఘంటువులో నర్థము దొరకును. అయితే, కాబట్టి, ఐనను, మరియు అనునట్టి మాటలను ఎక్కడ నుంచవలెనో, ఎక్కడ విడువవలెనో యే నిఘంటువును పూర్తిగా చెప్పజాలదు. విద్యార్థుల వ్యాసములను దిద్దుచు కూర్చుండు మాకు ఈ సంగతి ప్రతిదినమును అనుభవములో నున్నదే. ఇంగ్లీషు వాక్యమున తొలిభాగమునందు ‘అయినప్పటికి’ అను నర్థముగల మాట నుంచి, మలిభాగమునందు మరల ‘కాని’ అను మాటను చేర్చువారు ప్రతి తరగతియందును కొందరుందురు. వారు మందబుద్ధులు కారు. తమ మాతృభాషలోని అతుకును పరభాషలోని వస్త్రమునకు వేయుచున్నారు, అంతియే.

ఇట్టి చిక్కునే యెదుర్కొని, ఇరువదియేండ్లకు పైగా పట్టువిడువక శ్రమించి, చీనాభాషలో పండితులు మెచ్చునట్లు గ్రంథములు వ్రాసిన యొక విదేశీయుని చరిత్రమును మేమిక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాము. అతని పేరు మాత్తెయో రిచ్చి. చీనావారతనిని లీ మాదౌ అని పిలిచిరి.

బాల్యము, విద్య

రిచ్చి ఇటలీదేశమందలి మచెరాతా పట్టణమున 1552వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీని జన్మించెను. అతని తండ్రి ఔషధముల వర్తకుడు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి గొప్ప యుద్యోగము చేయవలెనని తండ్రి కోరి, 1568లో నతనిని రోమునకు పంపెను. అయితే ఆ యువకుడు 1571లో జెస్యూటు సంఘమున చేరెను. రోములోని కళాశాలయందు క్లావియుసు అను ప్రసిద్ధ గణితజ్ఞుని యొద్ద రేఖాగణితమును, ఖగోళశాస్త్రమును నేర్చెను. సంగతులను వరుసగా మనస్సున నిలుపుకొను జ్ఞాపకవిద్యను కూడ నక్కడనే యభ్యసించెను. ఈ రెండు విద్యలును తరువాతి కాలమున నతని కెంత యుపకరించెనో ముందు చెప్పుదుము.

గోవాలో నాలుగేండ్లు

1578లో లిస్బను రేవు విడిచి, ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో రిచ్చి మన దేశమందలి గోవాకు చేరెను. గోవాయందును కొచ్చిన్ నందును కలిసి సుమారు నాలుగేండ్లు గడపెను. 1580లో కొచ్చిన్ నందే యతనికి గురుపట్టము కలిగెను. ఈ కాలమున నతడు లాటిను, గ్రీకు భాషలను బోధించుచుండెను.

ఇక్కడ జరిగిన యొక సంగతిని మన విద్యార్థులు ముఖ్యముగా నెరుగవలెను. ఆ కాలమున గోవాలోని సంఘాధికారులు స్వదేశీయులైన విద్యార్థులు తత్త్వశాస్త్రము మొదలగు ఉన్నతవిద్యలను చదువరాదని యొక నిర్ణయము చేసిరి. చదివినచో గర్వింతురని వారి యభిప్రాయము. ఇరువదితొమ్మిదేండ్ల రిచ్చి 1581 నవంబరులో రోమునందలి తన సంఘమునకెల్ల అధిపతియైన వానికి ఉత్తరము వ్రాసి ఈ నిర్ణయమును ఖండించెను. విద్యవలన గర్వము కలుగునని భయపడినచో ఐరోపావారికిని విద్య నియ్యరాదుగదా యని అతని వాదము. అంతియేగాక, ఇట్టి భేదము చూపుట వలన స్వదేశీయుల మనస్సులు విరిగిపోవునని యతడు గ్రహించెను. పరదేశీయుల బుద్ధి తన బుద్ధికి తీసిపోదని నమ్మినవాడే పరభాషను నిజముగా నేర్వగలడు. ఆ నమ్మకము రిచ్చికి మన దేశముననే స్థిరపడియుండెనని చెప్పుటకు ఈ యుత్తరము చాలును.

చీనాదేశ ప్రవేశము

1582 ఆగస్టులో రిచ్చి మకావు రేవు చేరెను. అక్కడ నతనికంటె ముందుగా వచ్చిన రుగ్గియేరి అను సహచరుడు చీనాభాష నభ్యసించుచుండెను. 1583 సెప్టెంబరులో నిద్దరును లోపలి ప్రాంతమందలి చావోచింగు పట్టణమున నివసించుటకు సెలవు పొందిరి. అక్కడ వారిద్దరు కలిసి పోర్చుగీసు మాటలకు చీనా మాటలనిచ్చు నిఘంటువొకటి కూర్చిరి. అది అచ్చుపడక వ్రాతప్రతిగానే యుండి, మరుగునపడిపోయి, 1934లో రోమునందలి జెస్యూటుల గ్రంథభాండారమున మరల కనబడెను. ఐరోపాభాషకును చీనాభాషకును కూర్చిన నిఘంటువులలో నది మొట్టమొదటిదిగా నెంచబడుచున్నది.

పిమ్మట నతనికి కష్టములు వరుసగా వచ్చెను. 1588లో రుగ్గియేరి ఐరోపాకు మరలిపోయెను. 1589లో క్రొత్తగా వచ్చిన రాజప్రతినిధి రిచ్చిని చావోచింగు నుండి వెడలగొట్టెను. అతడు షావోచౌ అను పట్టణమునకు బోయెను. 1592లో నక్కడ దుండగులు రాత్రివేళ ఇంటిపై బడగా, కిటికీనుండి దుమికి కాలు బెణికించుకొనెను. ఆ కుంటితన మతనిని జీవితాంతము విడువలేదు. అయినను ఆ షావోచౌలోనే యతడు చీనావారి మూలగ్రంథములగు చతుర్గ్రంథములను లాటినులోనికి తర్జుమా చేసెను. ఆ పని వలన నతని కొక గొప్ప లాభము కలిగెను. ఉత్తమ రచయితలు వాక్యములనెట్లు కూర్చిరో యొక్కొక్క పంక్తిని పట్టి చూడవలసివచ్చెను.

చీనావాక్య నిర్మాణము

ఆ భాష యెట్టిదో కొంచెము చెప్పిననే గాని రిచ్చి పడిన శ్రమ మనకు తెలియదు. చీనాభాషలో పదములు రూపము మారవు. మనము తెలుగున ‘వచ్చు’ అను ధాతువునుండి వచ్చి, వచ్చుచు, వచ్చినచో, వచ్చినను, వచ్చుటచేత అని రూపములు కల్పించి, ఒక క్రియను మరియొక క్రియతో కలుపుదుము. కలుపు పనినంతయు ప్రత్యయములే చేయును. చీనాభాషలో నట్టి ప్రత్యయములు లేవు. క్రియ క్రియగానే నిలిచియుండును. వాన వచ్చును, పోను అని రెండు ముక్కలు ప్రక్కప్రక్కన నుంచినచో, వాన వచ్చినయెడల పోనని యర్థమో, వాన వచ్చుచున్నది కాబట్టి పోనని యర్థమో, సందర్భమును బట్టి చదువరియే యూహించుకొనవలెను.

అట్లని కలుపుమాటలు చీనాభాషలో లేవని తలంపరాదు. అక్కడి పండితులు మాటలను రెండు తెగలుగా చేసిరి. వస్తువులను, క్రియలను తెలుపునవి పూర్ణపదములు. తమకు స్వంత యర్థము లేక ఇతర పదముల సంబంధమును తెలుపునవి రిక్తపదములు. ‘ఎర్’ అనునది రెండు క్రియలను కలుపును. సందర్భమునుబట్టి ‘మరియు’ అనియు, ‘కాని’ అనియు నర్థమిచ్చును. ‘జె’ అనునది ‘అట్లైనచో’ అను నర్థమునిచ్చును. ‘గు’ అనునది ‘కావున’ అను నర్థమునిచ్చును. 14వ శతాబ్దములోనే ఈ చిన్నమాటలను గూర్చి ప్రత్యేకముగా నొక పుస్తకము వ్రాయబడెనన్న వాని ప్రాముఖ్యము తెలియును. ఆ కాలపు చీనాగ్రంథములలో విరామచిహ్నములు సాధారణముగా నుండవు. మన తాటియాకుల గ్రంథములవలెనే అక్షరములు ఎడతెగక సాగును. వాక్యమెక్కడ మొదలైనదో, ఎక్కడ మలుపు తిరిగినదో చదువరికి దారి చూపునవి ఈ రిక్తపదములే.

ఇట్లుండగా లాటిను చదివినవాడు ఈ భాషలో వ్రాయబూనినచో నేమగును? లాటినులో వాక్యము దీర్ఘమై, ఎందుకనగా, ఎప్పుడైతే, అయినప్పటికి అను మాటలతో గొలుసువలె సాగును. ఆ గొలుసులోని ప్రతి కొక్కెమునకును చీనామాట నొకదానిని పెట్టినచో వాక్యము బరువెక్కి వికృతమగును. చీనాపండితుడు రెండు పంక్తులు చదువకముందే ఇది విదేశీయుని వ్రాతయని ప్రక్కకు నెట్టును. కొక్కెములన్నియు తీసివేసినచో అర్థము విచ్చిపోవును. ఈ రెంటికి నడుమ నడుచుటయే రిచ్చి నేర్వవలసిన విద్య.

రిచ్చి కిది వట్టి వ్యాకరణపు విషయము కాదు. చీనాదేశములో ప్రభుత్వోద్యోగములు వ్యాసరచన పరీక్షలలో గెలిచిన వారికే లభించుచుండెను. దేశమును పాలించువారందరును శైలిని తూచి చూచువారే. అట్టివారి యెదుట వికారముగా వ్రాసినవాని మాట, అది యెంత సత్యమైనను, చెవి కెక్కదు.

స్నేహమును గూర్చిన గ్రంథము

1595లో రిచ్చి నాన్‌చాంగు నగరము చేరెను. అంతకు కొంచెము ముందుగా అతడు బౌద్ధసన్న్యాసుల వేషమును విడిచి విద్వాంసుల దుస్తులు ధరింప నారంభించెను. అక్కడి పండితులు పరస్పర సంబంధము లేని చీనాక్షరములను వందలకొలది వ్రాసి చూపగా, ఒక్కసారి చదివి, మొదటినుండి చివరకును, చివరనుండి మొదటికిని అప్పగించి వారిని ఆశ్చర్యపరచెను. ఆ నగరమందలి యొక రాజకుమారుడు స్నేహమును గూర్చి ఐరోపావారి యభిప్రాయము లెట్టివని తెలిసికొనగోరగా, అదే సంవత్సరమున రిచ్చి చీనాభాషలో స్నేహవిషయమై యొక చిన్నగ్రంథము రచించెను. చీనాదేశమున నడుగిడిన పండ్రెండేండ్లకు, నలువదిమూడేండ్ల ప్రాయమున, అతడు వ్రాసిన మొదటి స్వతంత్ర చీనాగ్రంథమిది.

గ్రీకు, లాటిను రచయితల నుండి ఏరిన సూక్తులే ఆ గ్రంథములోని విషయము. తుదకు వాని సంఖ్య నూరయ్యెను. ప్రతి సూక్తియు ఒకటి రెండు వాక్యములలో ముగియును. మా యభిప్రాయమున ఈ యెన్నిక మిక్కిలి తెలివైనది. సూక్తికి కలుపుమాటలు కొద్దిగా నుండిన చాలును. రెండు సమానమైన ముక్కలు ఎదురెదురుగా నిలిచినచో సంబంధము తనంతట తానే తెలియును. అది చీనాపద్యగద్యములకు సహజమైన యలంకారము. పరభాషలో రచన ప్రారంభించువాడు తన శక్తికి సరిపోవు రూపమును ఎన్నుకొనుటయు ఒక విద్యయే. ఆ గ్రంథము పండితులలో చేతులు మారి, పలుమారు ముద్రింపబడి, రిచ్చికి దేశమంతట పేరు తెచ్చెను.

1601 జనవరిలో నతడు పెకింగు నగరము ప్రవేశించెను. గంటలు కొట్టు గడియారములు మొదలగు కానుకలు చక్రవర్తికి పంపి, రాజధానిలో నివసించుటకు సెలవు పొందెను. అయినను వాన్లీ చక్రవర్తి దర్శన మతని కెన్నడును లభింపలేదు. 1603లో దేవుని గూర్చిన పెద్దగ్రంథమును సంభాషణరూపమున ప్రకటించెను. సంభాషణలో ఒకడు సందేహమడుగగా మరియొకడు సమాధానము చెప్పును. అందు ‘కావున’, ‘అట్లైనచో’, ‘అయినను’ అను మాటలు ప్రశ్నోత్తరముల నడుమ సహజముగా నిమిడిపోవును. సూక్తులనుండి సంభాషణమునకు, సంభాషణమునుండి శాస్త్రమునకు అతడు మెట్టుమెట్టుగా నెక్కెనని మేము తలంచుచున్నాము.

యూక్లిదు తర్జుమా

అన్నిటికంటె కష్టమైన మెట్టు యూక్లిదు రేఖాగణితము. సుమారు క్రీస్తుపూర్వము 300 నాటి ఆ గ్రీకుగ్రంథమునకు రిచ్చి గురువైన క్లావియుసు 1574లో లాటిను ప్రతి ప్రకటించియుండెను. దానిని చీనాభాషలోనికి తేవలెనని రిచ్చికి చిరకాలముగా కోరిక. కాని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లును ఆపవలసివచ్చినట్లు అతడే తన పీఠికలో తెలిపియున్నాడు. అందుకు కారణమును కూడ నతడే చెప్పెను. తూర్పుదేశముల వాక్యరీతికిని పడమటిదేశముల వాక్యరీతికిని పొత్తు కుదురదు. పదములు పదములకు సరిపోవు. నోట విశదపరచుట ఎట్లో సాధ్యమగును గాని, కుంచె పట్టి వ్రాయబోవగా వాక్యము కరకుగా పరిణమించును. పరభాషలో వ్రాయువారి బాధను ఇంతకంటె స్పష్టముగా నెవరును చెప్పియుండరు. ఈ మాటలు చెప్పునప్పటికి రిచ్చి ఇరువదినాలుగేండ్లు చీనాదేశమున గడపినవాడు.

ఈ పనికి తగిన సహాయుడు తుదకు దొరకెను. అతడు షాంఘై వాస్తవ్యుడగు షు గ్వాంగ్‌చీ. 1562లో జన్మించి, 1603లో క్రైస్తవుడై, 1604లో అత్యున్నత పరీక్షయందు కృతార్థుడయ్యెను. 1606లో నిద్దరును పనికి కూర్చుండిరి. రిచ్చి లాటిను గ్రంథమును చూచి నోట చీనాభాషలో అర్థము చెప్పును. షు కుంచెతో వ్రాయును. సందేహమున్నచోట మరల అడుగును. మరల చెప్పును. ఇట్లు మూడుమారులు ప్రతిని మార్చి వ్రాసిరి. 1607లో మొదటి ఆరు భాగములు అచ్చుపడెను.

యూక్లిదు గ్రంథమునకు ప్రాణము కలుపుమాటలే. రెండు పరిమాణములు మూడవదానికి సమానమైనయెడల ఆ రెండును తమలో తాము సమానములని మన విద్యార్థులు నేర్తురు గదా. ఆ చీనాప్రతియందు ఈ స్వతస్సిద్ధ సూత్రము ‘అనుకొందము’ అను నర్థముగల మాటతో మొదలై, నడుమ ‘జె’ అను మాటపై తిరుగును. ఆ ‘జె’ లేనిచో రెండు విషయములు ప్రక్కప్రక్కన బడియుండునే గాని, ఒకదానివలన రెండవది నిశ్చయముగా కలుగునని తేలదు. సూక్తియందు చదువరి యూహకు విడిచినదానిని ఉపపత్తియందు విడువరాదు. ఇక్కడ ‘కావున’ అనునది అలంకారము కాదు, అడుగు. ఒక యడుగు తప్పినచో మెట్లన్నియు కూలును. ఆ గ్రంథమునుండి యేదియు తీసివేయుటకు గాని, వరుసను ముందువెనుకలు చేయుటకు గాని వీలులేదని షు గ్వాంగ్‌చీ తరువాత వ్రాసినది ఈ గుణమును గూర్చియే. చుక్క, గీత, సమానాంతరరేఖ మొదలగువానికి వారిద్దరు స్థిరపరచిన మాటలను చీనాబాలురు నేటికిని పాఠశాలలలో చదువుచున్నారు.

షు మిగిలిన తొమ్మిది భాగములను కూడ పూర్తిచేయగోరెను గాని రిచ్చి కొంతకాల మాగుదమనెను. ఆ సంవత్సరమే షు తండ్రి మరణింపగా, అతడు ఆచారము ననుసరించి స్వగ్రామమునకు వెడలిపోయెను. ఆగిన పని ఆగియే పోయెను. 1857లో వైలీ అను ఆంగ్లమిషనరీయు, లీ షాన్‌లాన్ అను చీనాగణితజ్ఞుడును తక్కిన భాగములను ముగించిరి. నడుమ సరిగా 250 సంవత్సరములు గడచెను.

మన విద్యార్థులకు

నేడు అనేకదేశముల యువకులు చీనాభాష నేర్చుచున్నారు. వారి వ్రాతలలో గూడ ఉపాధ్యాయులకు కనబడు తప్పులలో కలుపుమాటల తప్పులు ముఖ్యమైనవి. నేటి చీనాభాషలో ‘హె’ అను మాట తండ్రియు తల్లియు అనునట్లు నామవాచకములను కలుపును. అతడు వచ్చెను, నేను పోయితిని అను వాక్యములను కలుపుటకు అది సాధారణముగా పనికిరాదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు తమ భాషలోని యొకేమాట రెండుపనులు చేయుచున్నందున దానిని రెండుచోట్లను వాడుదురు. మరియు, సంస్కృతమున ‘యద్యపి’ యన్నచోట ‘తథాపి’ యను జంటమాట వచ్చునట్లు, చీనాభాషలో ‘సుయ్‌రాన్’ అను మాటకు ‘దాన్‌షి’ వంటి జోడు తరచుగా వచ్చును. ఇంగ్లీషు తెలిసినవారు రెండవదానిని విడిచివేయుదురు. చీనావారు ఇంగ్లీషు వ్రాయునప్పుడు రెండింటిని నుంచుదురు. మేము మొదట చెప్పిన మన విద్యార్థుల తప్పే అది. దేశములు వేరైనను పొరపాటు జన్మించు విధ మొక్కటియే. కొందరు తెలుగువారు ఇంగ్లీషునుండి తర్జుమా చేయుచు ప్రతివాక్యమునకు ముందు ‘మరియు’ పెట్టి, చేసి, చూచి, విని అను మన సహజమైన కూర్పును మరచుటయు ఈ తెగలోనిదే.

దీనికి మందేమని యడిగినచో రిచ్చి జీవితమే జవాబు. ఉత్తమగ్రంథముల నతడు పంక్తివెంట పంక్తిగా పరిశీలించెను. తన శక్తికి తగిన చిన్నరచనతో నారంభించెను. ఆ దేశపు మిత్రుని కుంచెను నమ్మెను. ప్రతిని మూడుమారులు మార్చుటకు విసుగుకొనలేదు. పరుని సహాయముతో వ్రాసిన గ్రంథము తనది కాదని సిగ్గుపడలేదు, తనదేనని యంతయు దోచుకొనలేదు. నోట చెప్పినది రిచ్చి యనియు, కుంచెతో వ్రాసినది షు యనియు ఇద్దరి పేర్లును ఆ గ్రంథముపై నున్నవి.

తుది దినములు

తుది సంవత్సరములలో రిచ్చి తన సంఘము చీనాదేశమున ప్రవేశించిన చరిత్రమును ఇటాలియను భాషలో వ్రాయుచుండెను. వచ్చిపోవు పండితులతో అతని యిల్లు ఎల్లప్పుడును నిండియుండెడిది. 1610 మే 11వ తేదీని పెకింగు నగరమున, తన యేబదియెనిమిదవ యేట, అతడు దేహము చాలించెను. విదేశీయునికి రాజధానియొద్ద సమాధిస్థల మిచ్చుట వాడుక కాకపోయినను, చక్రవర్తి స్థలము దయచేసెను. ఆ సమాధి నేటికిని ఆ నగరమున నున్నది.

మచెరాతాలో పుట్టినవాడు, గోవాలో బోధించినవాడు, పెకింగులో మట్టియైనవాడు. అతడు రెండు మహాజాతుల నడుమ తానే యొక కలుపుమాటగా నిలిచెను. కలుపుమాటకు స్వంత యర్థము లేదని పండితులందురు. కాని అది తీసివేసిన నాడు ఇరుప్రక్కల వాక్యములును విడిపోవును. విద్యార్థులారా, వ్యాసము వ్రాయునప్పుడు ఆ చిన్నమాటల యెడల శ్రద్ధ వహింపుడు.